సంబంధం: లేదు

ఆ ఉత్తరంలో మూడే వాక్యాలు. నేను పంపిన ప్లేటులో రెండు శాంపిళ్ళు ఒకే తల్లిదండ్రుల పిల్లలవిగా కనిపిస్తున్నాయని మొదటిది. నేను నింపిన పట్టికలో ఆ ఇద్దరికీ ఏ సంబంధమూ లేదని ఉంది కాబట్టి, రక్తం తీసినప్పుడో లేబుళ్ళు అంటించినప్పుడో ట్యూబులు తారుమారై ఉండాలని రెండోది. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వకపోతే ప్లేటు మొత్తం ఫలితాలు ఆపేసి, ఆ రెండు ట్యూబులనూ పారేస్తామని మూడోది.

ట్యూబులు తారుమారు కాలేదు. రెండింటినీ నేనే తీశాను. ఒకటి మా నాన్నది, మా మాటలో బాపుది. రెండోది మా కాకది, బాపు సొంత తమ్ముడిది. ఉత్తరం వచ్చేనాటికి బాపు పోయి నాలుగు నెలలు.

ఈ రాతలో ఒక్క పేరు కూడా ఉండదు. పేర్లు బయటికి రానివ్వనని గోదావరిఖనిలో ఒక కమ్యూనిటీ హాల్లో కూర్చుని కొంతమందికి మాటిచ్చాను. ఆ మాట ఇప్పటికీ అట్లాగే ఉంది.

మా యూనివర్సిటీలో జన్యు పరీక్షలకు ఒకటే చోటు. జీవశాస్త్రాల భవనం కింది అంతస్తులో నాలుగు గదులు. ఆ యంత్రాలను ఏ డిపార్ట్‌మెంటూ సొంతంగా కొనలేదు, కొన్నా నడపలేదు. అందుకని అందరికీ కలిపి అక్కడ పెట్టారు. మేము కామన్ ల్యాబు అనేవాళ్ళం. క్షయ మీద పనిచేసేవాళ్ళు, చక్కెర జబ్బు మీద పనిచేసేవాళ్ళు, మెడికల్ కాలేజీ నుంచి వచ్చేవాళ్ళు, అందరం ఐసు డబ్బాలు పట్టుకుని ఒకే కిటికీ ముందు వరుసలో నిలబడేవాళ్ళం. గోడకు ఒక తెల్ల బోర్డు, దాని మీద ఎవరి వంతు ఎప్పుడో. లేబుల్ చేత్తో రాసి ఉంటే ట్యూబు వెనక్కి. ఫారంలో ఒక్క గడి ఖాళీ ఉన్నా వెనక్కి. ఒక్కో ప్లేటుకు తొంభై ఆరు గుంటలు. ఒక గుంటలో ఒక మనిషి. ఒక్క గుంట మీద అనుమానం వస్తే మిగతావన్నీ పక్కకు జరిగి ఉండవచ్చు కాబట్టి ప్లేటంతా అనుమానమే. ఆ నియమంలో తప్పేమీ లేదు. నేను ఆ కుర్చీలో ఉన్నా అదే ఉత్తరం రాసేదాన్ని.

ల్యాబు ఇన్‌చార్జి ఒక మేడమ్. ఎక్కువ మాట్లాడేవారు కాదు. తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజులవి. గని కార్మికులు సమ్మెలోకి దిగినప్పుడు నగరంలో కరెంటు కోతలు మొదలయ్యాయి. ల్యాబు ఫ్రీజర్లు జనరేటర్ మీద నడిచాయి. ఒకరోజు నేను కిటికీ దగ్గర నిలబడి ఉంటే ఆవిడ నా ఫారంలో ఊరి పేరు చూసి, "మీవాళ్ళు బొగ్గు ఆపేస్తే నా ఫ్రీజర్లు ఎట్లా నడవాలమ్మా?" అన్నారు.

"ఆపినప్పుడే కదా మేడమ్, బొగ్గు ఒకటుందని గుర్తొచ్చేది," అన్నాను.

ఆవిడ ట్యూబులు లోపలికి తీసుకున్నారు. ఆ ఉత్తరానికి ముందు మా మధ్య జరిగిన సంభాషణ అదొక్కటే.

నా పరిశోధన దుమ్ము జబ్బు మీద. ఒకే గనిలో అన్నే ఏళ్ళు పనిచేసినవాళ్ళలో కొందరి ఊపిరితిత్తులు త్వరగా పాడవుతాయి, కొందరివి అంత త్వరగా పాడవవు. ఆ తేడాకు జన్యువుల్లో ఏదైనా కారణం ఉందా అని చూడాలి. జబ్బు ఉన్నవాళ్ళు సగం, లేనివాళ్ళు సగం. వాళ్ళలో ఏ ఇద్దరికీ రక్తసంబంధం ఉండకూడదు. అంశం మా గైడు సార్ ఎంచింది. ఇంటికి పోయినప్పుడు బాపుకు చెప్పాను. అప్పటికే ఆయన సిక్ లీవులో ఉన్నాడు. మంచం మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళకు ఆనించి ఊపిరి తీసుకునేవాడు.

"రక్తంల ఏముంటది బిడ్డా?" అన్నాడు. "ఉన్నదంత గిందుల ఉన్నది," అని రొమ్ము మీద చెయ్యి పెట్టుకున్నాడు. మళ్ళీ ఊపిరి తీసుకుని, "రేపు నువ్వు పుస్తకం రాస్తవు. వీని రక్తమే గసొంటిది, బొగ్గుది తప్పు లేదు అని. గట్ల రాస్తవా?"

"రాయ బాపూ."

"ఐతె తియ్యి."

చెయ్యి చాపాడు. నా శాంపిళ్ళలో అదే మొదటిది.

మిగతావి కమ్యూనిటీ హాల్లో తీశాను. ఫస్ట్ షిఫ్టు దిగి, స్నానాలు చేసి, తలలు తుడుచుకుంటూ వచ్చేవాళ్ళు. అందరికీ నేను చిన్నప్పటి నుంచి తెలుసు.

"ఎర్రగనే ఉన్నదా, నల్లగ వస్తున్నదా?" అని ఒకాయన సూది వంక చూడకుండా అడిగాడు.

"నీది తెల్లగ వస్తది మామా, పొద్దున తాగిన కల్లు," అని వెనకాల ఎవరో అన్నారు.

సంతకాలు పెట్టే కాగితం దగ్గర మాత్రం అందరూ ఆగారు. పేరు, తండ్రి పేరు, ఎంప్లాయీ నంబరు. దాంతోపాటు కంపెనీ కార్డు జిరాక్సు. ఒకాయన పెన్ను పట్టుకుని నా ముఖం చూశాడు.

"ఏ పేరు రాయాలె బిడ్డా?"

"కార్డు మీద ఏముందో అదే రాయి మామా. ఈ కాగితాలు నా బీరువా దాటి పోవు. మీ పేర్లు ఎవలకు చెప్ప. నా మీద ఒట్టు."

గనుల దగ్గర పెరగని వాళ్ళకు ఆ ప్రశ్న అర్థం కాదు కాబట్టి చెబుతాను. మా దగ్గర చాలామంది వేరే వాళ్ళ పేర్ల మీద పనిచేసేవాళ్ళు. ఒకరికి ఉద్యోగం ఆర్డరు వస్తుంది. వచ్చి ఒకరోజు గనిలో దిగుతాడు, ఆ చీకటి చూసి భయపడి ఊరికి పోతాడు. పని కావాల్సిన ఇంకొకడు ఆ ఆర్డరు పట్టుకుని అదే పేరుతో దిగుతాడు. తర్వాత జీతం, జబ్బు, సెలవు, చావు, అన్నీ ఆ పేరు మీదనే. బాపు అట్లా దిగినవాడు. ఆయన పనిచేసిన పేరు పక్క ఊరి మనిషిది. ఆ మనిషి వ్యవసాయం చేసుకుంటూ అక్కడే ఉన్నాడు. ఏడాదికోసారి మందులకో విత్తనాలకో ఖనికి వస్తే మా క్వార్టరుకు వచ్చి చాయ్ తాగి పోయేవాడు.

"ఏం తమ్మీ, నా పేరు మంచిగ చూసుకుంటున్నవా?" అనేవాడు గడపలో చెప్పులు విప్పుతూ.

"నీ పేరుకు నాగా లేదన్నా. నువ్వైతె వారానికి మూడు నాగాలు పెట్టెటోనివి," అనేవాడు బాపు.

ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. మా అమ్మ, మేం అవ్వ అనేవాళ్ళం, మాత్రం నవ్వేది కాదు. పోయి తలుపు దగ్గరికి వేసి వచ్చేది.

కాక తర్వాత ఆరేళ్ళకు చేరాడు, సొంత పేరు మీదనే. దాంతో చిక్కు వచ్చింది. కంపెనీ కాగితాల్లో అన్న ఒక ఇంటి మనిషి, తమ్ముడు ఇంకొక ఇంటి మనిషి. తండ్రుల పేర్లు వేరు, ఊళ్ళు వేరు. మా చదువుల సర్టిఫికెట్లలో కూడా బాపు తన గని పేరే రాయించాడు, రేపు తన తర్వాత నా తమ్ముడికి వారసత్వ ఉద్యోగం రావాలంటే కాగితాలు కలవాలని. నా ఇంటిపేరు ఏడాదికోసారి చాయ్‌కి వచ్చే మనిషిది. కాక పిల్లలది మా అసలు ఇంటిపేరు. పక్కపక్క క్వార్టర్లు, ఒకే గోడ, ఒకే నల్లా. సెక్యూరిటీ వాళ్ళో వెల్ఫేర్ వాళ్ళో వచ్చి కాకను చూపించి ఎవరని అడిగితే మేం చెప్పాల్సిన జవాబు ఒకటుంది. "పక్కింటాయన." నాకు ఐదేళ్ళప్పుడు అవ్వ నన్ను ముందు కూర్చోబెట్టుకుని ఆ మాట పదిసార్లు అనిపించింది. తప్పు చెబితే బువ్వ పెట్టనంది. నేనెప్పుడూ తప్పు చెప్పలేదు.

కమ్యూనిటీ హాల్లో చివరి రోజు కాక వచ్చాడు.

"మా అన్నది తీసి నాది తియ్యవా? నేను పనికిరానా?"

"నీకు జబ్బు లేదు గద కాకా."

"లేనోళ్ళది గూడ కావాలంటివి గద! ఇద్దరం ఒక్క గని, ఒక్క పని. గంతకంటె మంచి లెక్క నీకు యాడ దొరుకుతది?"

కాదనలేకపోయాను. ఆయన వాదనలో కొంత నిజం ఉందనిపించింది కూడా. రక్తం తీసి పట్టిక నింపాను. వయసు, గని, పనిచేసిన ఏళ్ళు, ఇతర శాంపిళ్ళతో సంబంధం. ఆ గడిలో "లేదు" అని రాశాను. ఆలోచించి రాయలేదు. అక్కచెల్లెళ్ళ జన్యువులు ఎంత కలుస్తాయో, అన్నదమ్ములవి ఎంత కలుస్తాయో జూనియర్లకు పాఠం చెప్పిన మనిషిని నేను. యంత్రం ఆ సంగతి పట్టుకుంటుందని నాకు తెలియకపోవడమేమీ కాదు. కానీ కాగితం మీద కాక గురించి ఎవరు అడిగినా నా చేతికి తెలిసిన జవాబు ఒకటే. అది రాసేసింది.

కామన్ ల్యాబులో మా వంతు వచ్చేసరికి నెలలు గడిచాయి. ఆలోగా బాపు పోయాడు. ఏరియా దవాఖాన ఇచ్చిన సర్టిఫికెట్ మీద పక్క ఊరి మనిషి పేరు. గని గేటు దగ్గర బోర్డు మీద సంతాపం ఆ పేరుకే రాశారు. ఆ బోర్డు ముందు కాక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తోటి పనివాళ్ళు వచ్చి, పక్కింటాయన అని కాకుండా తమ్ముడని తెలిసినవాళ్ళు కూడా, పైకి ఏమీ అనకుండా ఆయన భుజం పట్టుకుని పోయారు. తల కొరివి నా తమ్ముడు పెట్టాడు. నెల తిరగకముందే వాడి ఉద్యోగం ఫైలు ఆఫీసులో పెట్టాం.

ఆ ఫైలు ఇంకా ఆఫీసులో ఉండగానే ల్యాబు ఉత్తరం వచ్చింది.

పట్టికలో తప్పు దిద్దుకోవడానికి ల్యాబులో ఒక పద్ధతి ఉంది. దిద్దుబాటు కాగితం నింపి, దానికి ఆ ఇద్దరి అంగీకార పత్రాలు జతచేయాలి. వాటి మీద తండ్రుల పేర్లున్నాయి. అన్నదమ్ములని నేను రాస్తే, ఇద్దరు తండ్రులెట్లా వచ్చారని ఎవరైనా అడుగుతారు. జవాబు కాగితం మీద పడిన రోజు తమ్ముడి ఫైలు ఆగిపోతుంది. కాక మీదకు కూడా విచారణ వస్తుంది. ఏ పేరు రాయాలని నన్నడిగిన వాళ్ళందరి మీదకూ వస్తుంది.

అవ్వకు ఫోన్ చేసి ఉత్తరం సంగతి చెప్పాను.

"ఏమన్న రాసినవా?" అంది వెంటనే.

"ఇంక రాయలె."

"రాయకు. తమ్మునికి ఆర్డరు చేతికి వచ్చెదాక నోరు ముయ్యి. గా సీసాలు పారేస్తె పారేయనియ్యి. మనిషే పోయిండు, సీసాతోని ఏం జేస్తవు?"

ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను. పెట్టకుండా అడిగింది.

"గది నిజంగ మీ బాపుదేనా? గా సీసల ఉన్నది?"

"బాపుదే."

"ఇంక ఉన్నదా?"

"ఉన్నది. గడ్డకట్టి ఉన్నది."

"నీ ఇష్టం," అని పెట్టేసింది.

మా గైడు సార్ మంచివాడే. నన్ను పిలిచి, టైపు చేయించిన కాగితం ఒకటి ముందు పెట్టాడు. సేకరణ సమయంలో నా పొరపాటు వల్ల రెండు ట్యూబుల లేబుళ్ళు మారిపోయాయని, ఆ రెండింటినీ తీసివేసి మిగతా ప్లేటును పరిగణించాలని అందులో ఉంది. కింద నా సంతకానికి చోటు.

"రెండు ట్యూబులమ్మా. తొంభై ఆరులో రెండు. సంతకం పెట్టు, అయిపోతుంది. చిన్న మందలింపు ఉంటుంది, అంతే."

"లేబుళ్ళు మారలేదు సార్."

"మారలేదని నాకూ తెలుసు. నువ్వు అట్లాంటి పొరపాటు చేసేదానివి కాదు. కానీ ఇంకేం రాస్తావు? ఏం జరిగిందో చెప్పవు. చెప్పకపోతే నేనేం చేయాలి?"

"ఇది అబద్ధం సార్."

"సైన్సులో ఇట్లాంటి చిన్న సర్దుబాట్లు..."

"ఇందులో ఒకటి మా నాన్నది."

సార్ కాగితం మీద పెట్టిన వేలు తీసేశాడు.

నా కోపం ఎక్కడిదో ఆ గదిలో నాకు స్పష్టంగా తెలిసింది. ముప్పై ఏళ్ళు పైగా బాపు చేసిన ప్రతి పని ఇంకొకరి పేరున జమ అయింది. మస్టర్‌లో హాజరు ఆ పేరున. జబ్బు ఆ పేరున. చావు ఆ పేరున. ఆయన పేరడగకుండా ఆయన ఎవరో ఉన్నదున్నట్టు చెప్పినది ఈ లోకంలో ఒక్కటే, ఆ యంత్రం. ఈ మనిషీ ఆ మనిషీ తోడబుట్టినవాళ్ళు అంది. ఎవరూ నేర్పకుండా అంది. ఇప్పుడు నేను, ఆయన బిడ్డను, ఆ ట్యూబులో ఉన్నది ఆయన కాదని సంతకం పెట్టాలి. పెట్టను. ప్లేటు పోతే పోనీ, పీహెచ్‌డీ పోతే పోనీ. పెట్టను.

ఆ మాటే సార్‌తో అన్నాను, ఇంత వివరంగా కాదు. కాగితం మడిచి ఆయన సొరుగులోనే పెట్టి కింది అంతస్తుకు దిగాను.

మేడమ్ గదిలో ఎవరూ లేరు. కూర్చోమనకముందే చెప్పాను.

"ట్యూబులు మారలేదు మేడమ్. అది రుజువు చేస్తాను. కానీ అంగీకార పత్రాలు ఇవ్వను."

"రెండోది లేకుండా మొదటిది ఎలా కుదురుతుంది?"

"మీకు కావలసింది లేబుల్ మీద నంబరూ, లోపలి మనిషీ ఒకటేనా అనే కదా. ఆ మనిషిని తీసుకొస్తాను. మీ ముందే రక్తం తీయించండి. పాత ట్యూబుతో కలిపి చూడండి. పేరు అడగొద్దు, నంబరు చాలు."

మా గనిలో దిగేముందు ప్రతి మనిషికి ఒక బిళ్ళ ఇస్తారు, నంబరు కొట్టిన బిళ్ళ. పైకి వచ్చినవాడు దాన్ని తిరిగి ఇస్తాడు. బోర్డు మీద ఒక బిళ్ళ తక్కువైతే ఒక మనిషి కింద ఉన్నట్టు. ఆ బిళ్ళలిచ్చే లాంప్ రూంలో పేరు అడిగేవాడు లేడు. మనిషి వచ్చాడా, బిళ్ళ వచ్చిందా, అంతే. నేను మేడమ్‌కు చెబుతున్నది ఆ పద్ధతేనని చెబుతుండగానే తెలిసింది.

ఆవిడ పెన్ను మూత పెట్టారు. "రెండో మనిషి?"

"చనిపోయారు."

"మరి?"

"నా రక్తం తీసుకోండి."

ఆవిడ వంతుల రిజిస్టరు తెరిచారు. ఓదార్పుగా ఏమీ అనలేదు. అందుకు ఈనాటికీ కృతజ్ఞత ఉంది.

"గురువారం తీసుకురండి," అన్నారు. "పదింటికి. ఆలస్యమైతే వంతు పోతుంది."

కాక బుధవారం సెకండ్ షిఫ్టు ఎగ్గొట్టి రామగుండంలో రైలెక్కాడు. ఆయన ఉద్యోగంలో సొంత కారణానికి పెట్టిన నాగాలు చాలా తక్కువ. ఇస్త్రీ చొక్కా, కొత్త చెప్పులు, చేతిలో అవ్వ పంపిన రొట్టెల మూట.

"ఏంది బిడ్డా, మళ్ళ తీస్తరట? పోయినసారి తీసింది తాగిన్రా?"

"సరిపోలేదట కాకా."

"ఇంత పెద్ద బంగ్లల ఒక్క సీసా సరిపోదా!"

భవనం గేటు దగ్గర రిజిస్టర్ ఉంది. వచ్చినవారి పేరు, ఎవరిని కలవాలి, వారికి ఏమవుతారు. గార్డు పెన్ను ఇచ్చాడు. కాక పేరు రాసి, మూడో గడి దగ్గర ఆగాడు. నా చెవి దగ్గరికి వంగి, "పక్కింటాయన అని రాయమంటవా?" అన్నాడు. హాస్యానికి అనలేదు. ముప్పై ఏళ్ళుగా గేట్ల దగ్గర ఆయనకు తెలిసిన జవాబు కూడా అదే.

నేను పెన్ను తీసుకుని "చిన్నాన్న" అని రాశాను.

"బిడ్డా..."

"ఇది కంపెనీ గేటు కాదు కాకా. రా."

లోపల మేడమ్ స్వయంగా ఉన్నారు. టెక్నీషియన్ కాక చేయి కట్టాడు. చేయి మీద బొగ్గు దిగిన పాత దెబ్బ, నీలంగా పచ్చబొట్టులా ఉంటుంది. మేడమ్ దాన్ని చూసి ఇదేమిటని అడిగారు.

"కప్పు కూలినప్పుడు తాకిందమ్మా. బొగ్గు లోపల్నే ఉండిపోయింది. గిది గూడ మీ మిషిన్‌ల కనబడ్తదా?"

"కనబడదండి."

"ఐతె మీ మిషిన్‌కు సగమే తెలుసు."

మేడమ్ నవ్వారు. ఆవిడ నవ్వడం నేను చూసింది అప్పుడే. తర్వాత నేను చేయి చాపాను.

అది పెద్ద పరీక్ష కాదు. కొన్ని చోట్ల జన్యువులను పోల్చి చూస్తారు. ఒకే మనిషైతే అన్ని చోట్లా కలవాలి. తండ్రీ బిడ్డలైతే ప్రతి చోటా రెండింటిలో ఒకటి కలవాలి, ఎందుకంటే ఒకటి తండ్రి నుంచి, ఒకటి తల్లి నుంచి వస్తుంది. ఒక్క చోట కలవకపోయినా అనుమానమే. మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజుల్లో నేను మొదటిసారి నన్ను నేను అనుమానించాను. బాపుది మొట్టమొదటి ట్యూబు కదా, నంబరు సరిగ్గా అంటించానా అని. ఒకవేళ సార్ టైపు చేయించిన కాగితమే నిజమైతే అని.

నాలుగో రోజు మేడమ్ పిలిచారు. సార్ కూడా వచ్చి ఉన్నాడు. బల్ల మీద కాగితాలు పరిచి ఉన్నాయి. కాక కొత్త రక్తం, కాక పాత ట్యూబు, అన్ని చోట్లా ఒకటే. నా రక్తం, బాపు ట్యూబు, ప్రతి చోటా ఒకటి కలిసింది. నా వరుస, ఆయన వరుస ఒకదాని కింద ఒకటి అచ్చు వేసి ఉన్నాయి. వేలితో ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాను. ఎక్కడా తప్పలేదు.

"లేబుళ్ళు సరిగ్గానే ఉన్నాయి," అన్నారు మేడమ్. "అయితే వీరిద్దరూ అన్నదమ్ములే. ఫారం తప్పు."

"ఫారం తప్పే మేడమ్. నేనే తప్పు రాశాను. ట్యూబు తప్పు కాదు."

"ఎందుకు రాశారు?" అని సార్ అడిగాడు. నన్ను ఎప్పుడూ 'నువ్వు' అనేవాడు. ఆ రోజు 'మీరు' అయ్యాను.

"అది చెప్పను సార్. చెబితే మాటిచ్చిన వాళ్ళకు ద్రోహం అవుతుంది. నా మీద ఏ చర్య తీసుకున్నా తీసుకోండి. ఆ కాగితాలు మాత్రం బీరువాలోంచి తీయను."

సార్ మేడమ్ వంక చూశాడు. నియమం ప్రకారం అంగీకార పత్రాలు లేకుండా దిద్దుబాటు కుదరదని ఆవిడ అనవచ్చు. అంటారనే అనుకున్నాను. ఆవిడ నా పట్టికనూ దిద్దుబాటు కాగితాన్నీ ముందుకు లాక్కుని, పట్టికలో 'సంబంధం' దగ్గర నేను రాసిన "లేదు"ను ఒక గీతతో కొట్టి "అన్నదమ్ములు" అని రాశారు. దిద్దుబాటు కాగితంలో ఆధారం అన్నచోట "తాజా రక్త పరీక్ష, నా సమక్షంలో" అని రాసి సంతకం పెట్టారు.

"నాకు ట్యూబు సంగతి తేలితే చాలు," అన్నారు సార్‌తో. "మిగతా రిజిస్టర్లు నేను నడపడం లేదు."

ఆవిడది మా ప్రాంతం కాదు. ఆ రోజుల్లో క్యాంపస్‌లో ఎవరు ఏ ప్రాంతమో అందరికీ తెలుసు, అందరూ లెక్క చూసేవాళ్ళు. నేనూ చూసేదాన్ని. ఆ గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు ఆ లెక్క నాకు కొంచెం సిగ్గుగా అనిపించింది.

పరిశోధన షరతు మాత్రం షరతే. ఇద్దరు అన్నదమ్ములు ఒకే లెక్కలో ఉండకూడదు, ఒకరిని తీయాలి. జబ్బు ఉన్న శాంపిళ్ళు దొరకడం కష్టం కాబట్టి వాటినే ఉంచుతారు. కాకకు ఫోన్ చేసి చెప్పాను.

"అంటే నన్ను తీసేసిన్రా?"

"తీసేసిన్రు కాకా."

"ఒక షిఫ్టు పాయె, రెండు సీసాల రక్తం పాయె," అన్నాడు. తర్వాత, "అన్న ఉన్నడా?"

"ఉన్నడు."

"ఐతె మంచిదే."

తమ్ముడికి ఆ వర్షాకాలంలో ఆర్డరు వచ్చింది. బాపు దిగిన గనిలోనే. ఇంకొకరి కొడుకుగా దిగాడు. అవ్వకు అది సంతోషమో కాదో నేను అడగలేదు.

నా పరిశోధనలో చెప్పుకోదగ్గ జన్యువేదీ బయటపడలేదు. జబ్బును అన్నిటికంటే గట్టిగా పట్టి చూపించింది, గని లోపల గడిపిన ఏళ్ళు. ఆ వాక్యాన్ని చివరి అధ్యాయంలో కొంచెం మెత్తబరచమని సార్ రెండుసార్లు ఎర్ర సిరాతో రాశాడు. రెండుసార్లూ మెత్తబరచలేదు. పుస్తకం అట్లాగే బైండింగ్‌కు పోయింది.

కామన్ ల్యాబులో పని పూర్తయిన శాంపిళ్ళను కొంతకాలమే ఉంచుతారు. తర్వాత ఫ్రీజర్‌లో చోటు వేరేవాళ్ళకు కావాలి. తెలంగాణ వచ్చిన ఏడాది నాకు ఒక ఫారం వచ్చింది. నేను అప్పటికి వేరే కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. నా ప్లేటులోని శాంపిళ్ళు రద్దు చేయవచ్చునా అని అడిగారు. అందరివీ రద్దు చేయవచ్చని రాశాను, అంగీకార పత్రాల్లో కూడా పని అయ్యాక రద్దు చేస్తామనే ఉంది. ఒక్క నంబరు ఎదురుగా "ఉంచాలి" అని రాశాను. పక్కన కారణం అని గడి ఉంది. అందులో "మా బాపుది" అని రాశాను.

వారం తర్వాత ల్యాబు నుంచి కొత్తగా చేరిన ఎవరో ఫోన్ చేశారు.

"మేడమ్, కారణం దగ్గర మీరు రాసింది... అది శాస్త్రీయ కారణం కిందికి రాదండి. ఇంకేదైనా రాస్తారా? తదుపరి పరిశోధన కోసం అని రాస్తే సరిపోతుంది."

"పరిశోధన ఏమీ లేదు. నేను రాసిందే కారణం."

"అట్లా ఒప్పుకోరేమోనండి."

"ఒప్పుకోకపోతే మళ్ళీ ఫారం పంపండి. మళ్ళీ అదే రాస్తాను."

మళ్ళీ పంపారు. మళ్ళీ అదే రాశాను.